గడ్డం తీసిన మొహం

భారత సైన్యం సికింద్రాబాద్ చేరిన మర్నాడే సదాశివ గడ్డం, మీసం గొరిగించుకుని ఇంటికొచ్చాడు.

"రజాకార్ల మెప్పు కోసం పెంచిన్రు, ఇయాల తీసేసిన్రా?" అని నవ్వింది భార్య రత్నమాల.

"గాలి ఎటుంటే అటే," అన్నాడు సదాశివ.

అరుగు మీద కూర్చున్న తల్లి కమలాబాయి ఉలిక్కిపడింది. చెవులు పోయినప్పటి నుంచి ఆమె ఎదుటివాళ్ల పెదవులు చూసే మాటలు పోల్చుకునేది. కొడుకు పెదవుల్ని మీసం కప్పేశాక వాడి మాట ఒక్కటీ అందలేదు. ముసల్దానికి మతి కూడా పోయిందనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఇప్పుడు ప్రతి మాటా అందుతోంది. పోయిన కొడుకు తిరిగొచ్చినట్టు ఆమె కళ్లు చెమర్చాయి.

"పక్కింటి ఖైరున్నీసా మిలట్రీకి భయపడి మౌలాలికి పోయింది గద. చీకటి పడ్డంక ఆ ఇంట్ల సామానంతా తెచ్చుకుందాం," అన్నాడు సదాశివ.

"ఇల్లు అత్తమ్మకు అప్పజెప్పి పోయింది. వచ్చి అడిగితే?"

"మా అమ్మనే మతిలేక తలుపు తెరిచి వదిలేసిందని చెప్త. ఎవలైనా నమ్ముతరు."

"జెర మెల్లగ. ఆమె ఈన్నే ఉన్నది."

"చెవిటిదానికేం తెలుస్తది?"

కమలాబాయి కొడుకు నోటివైపే చూసింది. తను ఉగ్గు పెట్టిన నోరది. అరుగు కిందికి తుపుక్కున ఉమ్మి, లేచి వెళ్లి ఖైరున్నీసా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"అన్నీ అర్థమైనయ్ బిడ్డా. నన్ను దాటి పో, చూస్త."

సదాశివ పరుగున వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, గట్ల కాదే..."

నున్నటి పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. కమలాబాయి కళ్లు మూసుకుంది.