కొంగ పెట్టిన పరీక్ష

పొగమంచు ఎప్పుడూ పూర్తిగా విడని చెరువొకటి ఉండేది. కార్చిచ్చుకు బెదిరిన కుందేళ్లు ఆ గట్టున తాబేలు దగ్గర కూర్చుని మనసులో మాట చెప్పుకునేవి. కొన్నాళ్లకు వాటికి నిద్ర పట్టేది.

కొంగకు ఆ మంటల ఊసే గిట్టదు. "వానలు పడితే భయం దానంతటదే పోతుంది. ఇందులో నీ గొప్పేముంది, తాబేలు మామా? తేల్చేద్దాం," అంది. సగం కుందేళ్లను తాబేలు దగ్గరికి పంపి, మిగతా సగాన్ని అవతలి గట్టున ఊరికే ఉంచింది. రోజూ మంచులో తేలుతూ వెళ్లి, "నిద్ర పట్టిందా? కలలో ఏం కనిపించింది?" అని ఒక్కొక్కదాన్నీ అడిగి, చెప్పేదంతా ఒంటికాలి మీద నిలబడి వినేది.

తామరలు పూసేసరికి రెండు గట్ల మీదా కుందేళ్లు హాయిగా నిద్రపోతున్నాయి.

"చూశావా! నీ దగ్గరికి రానివి కూడా బాగుపడ్డాయి," అంది కొంగ రెక్కలు విదిలించి.

"వాటి మాట రోజూ నువ్వు విన్నావుగా, పిచ్చితల్లీ," అంది తాబేలు.

కొంగ విదిలించిన రెక్కలు ముడుచుకుంది.

"నీ గూడూ ఆ మంటల్లోనే పోయింది కదా," అంది తాబేలు మెల్లగా. "మరి నీకు నిద్ర పడుతోందా?"

ఎత్తిన కాలు నెమ్మదిగా దించి, కొంగ తాబేలు పక్కన కూర్చుంది.

"రోజూ అదే కల, మామా," అంది.