నడవాలో మెరుపు చార

"వంటింటికి గ్లాసే కావాలి" అన్నాడు పెయింటర్ మొయ్‌దు.

బీఫాత్తుమ్మ లోపలికెళ్ళి గ్లాసుడు టీ పట్టుకొచ్చింది.

"టీ కాదు ఉమ్మా! నిగనిగలాడే పెయింటు! గోడకి!" అని కూతురు సబీర మొత్తుకునేలోపే ఆవిడ గ్లాసు అందించడం, ఆయన చెయ్యి చాచడం జరిగిపోయాయి. రెండు చేతుల మధ్యా జానెడు ఖాళీ. టీ కాస్తా నేలకి మొదటి పూత అయింది.

"తప్పు నాదే" అన్నాడు మొయ్‌దు.

"కాదు, నాదే" అంది బీఫాత్తుమ్మ.

సబీరకి నవ్వే తీరిక లేదు. శుక్రవారం అర చూడ్డానికి పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళు వస్తున్నారు. పెళ్ళయ్యాక అల్లుడొచ్చి కాపురముండేది ఆ గదిలోనే. పేరుకి అరే గానీ, తలశ్శేరిలో ఆడపిల్ల పరువు మొత్తం అందులోనే ఉంటుంది. వాళ్ళు మూతి విరిచారంటే తన కూతురు షిఫానా ఆ విరుపుని జీవితాంతం మొయ్యాలి.

"అన్నిటికీ గ్లాసే కొట్టండి మొయ్‌దుక్కా. అరకైతే రెండు పూతలెక్కువ. దీపం పెడితే గోడలో మొహం కనబడాలి."

మొయ్‌దు అర గోడని అరచేత్తో నిమిరి, కూతురికి చెప్పినట్టు చెప్పాడు.

"మొహం కాదు మోళే, మొటిమలు కనబడతాయి. పాత రాతిగోడ ఇది. మెరుపు వేశామా, ప్రతి గుంటా నేనున్నానంటూ లేస్తుంది. దీనికి మాట్ వెయ్యాలి."

"అదేం మాట?"

"మెరవదు, మాట్లాడదు. హాయిగా పడుకోనిస్తుంది. వంటింటికి గ్లాస్, తుడిస్తే జిడ్డు పోతుంది. హాలుకి సగం మెరుపు. రంగు నీ ఇష్టం మోళే, మెరుపు మాత్రం నాకొదిలెయ్యి."

రెండ్రోజులు పనంతా జతగాడు పవిత్రనే చేశాడు. మొయ్‌దు గోడలు నిమురుతూ తిరిగాడు.

"మీ మేస్త్రి గోడకి రంగు వేస్తాడా, ఒళ్ళు పడతాడా?" అంది సబీర.

"ఆయన చెయ్యి ఒప్పుకుంటేనే నా బ్రష్షు కదులుతుంది ఇత్తా" అన్నాడు పవిత్రన్, అక్కని పిలిచినట్టే.

మూడో రోజు సబీర బజారు నుంచి వచ్చేసరికి మొయ్‌దే బ్రష్షు పట్టి ఉన్నాడు. నడవాలో, మెరవని గోడ మీద, నడుమెత్తున, అరచేతి వెడల్పున ఒక మెరిసే చార! హాలు దగ్గర బయల్దేరి వంటింటి గుమ్మం దాకా నున్నగా సాగి, అక్కణ్ణుంచి ఇసుక కలిపిన గరుకు పూతగా మారి, అర తలుపు దగ్గర ఆగింది. కిటికీ వెలుతురులో నత్త పాకినట్టుంది.

"యా అల్లాహ్! ఏంటిది?"

"ఉండనీ మోళే. పనికొస్తుంది."

"ఎవరికి, నత్తలకా? కళ్ళు మూసుకుని వేశారా?"

మొయ్‌దు బ్రష్షు తుడుచుకోవడం మొదలెట్టాడు.

"ఉండనియ్యవే సబీరా. నాకు బాగుంది" అంది బీఫాత్తుమ్మ.

"నీకు బాగుంటే చాలా ఉమ్మా? చూసేది వాళ్ళు!"

గోడకీ గొడవకీ ఉన్న దూరం ఎంతని? సబీర దాన్ని ఒక్క అంగలో దాటేసింది. మొయ్‌దు పవిత్రన్ భుజం మీద చెయ్యేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మర్నాడు పవిత్రన్ చేతే ఆ చార గీకించి, నడవా మొత్తం గ్లాస్ కొట్టించింది సబీర.

శుక్రవారం పదకొండు మంది దిగారు. నేతిలో వేయించిన అరటిపండు ఉన్నక్కాయలు తిన్నారు, టీ తాగారు, షిఫానాని తలనుంచి కాలిదాకా కొలిచారు. ఇక అర. అతిథుల్ని అక్కడికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది ఇంటి పెద్దావిడే. ఇంకెవరు ముందు నడిచినా మర్యాద కాదు.

బీఫాత్తుమ్మ ఒక చేత్తో వియ్యపురాలి చెయ్యి పట్టుకుంది. రెండోది గోడకి ఆనించింది. ఈ చివర్నుంచి ఆ చివరి దాకా ఒకటే నునుపు. అడుగులు లెక్కపెట్టుకోవడం మొదలెట్టింది.

"నగలెక్కడ చేయిస్తున్నారు?" అంది వియ్యపురాలు.

లెక్క తప్పింది.

బీఫాత్తుమ్మ చిరునవ్వుతో ఒక తలుపు బార్లా తీసింది. "రండి. ఇదే మా పిల్ల అర."

లోపల బకెట్టు, చెంబు, తడి తువ్వాలు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వియ్యపురాలు చెయ్యి విదిలించుకుంది.

"మావాణ్ణి స్నానాలగదిలో ఉంచుతారా?"

"ఏంటుమ్మా ఈ పరాచికం!" అంటూ సబీర పరిగెత్తుకొచ్చింది.

"పరాచికం కాదే." బీఫాత్తుమ్మ తలుపు వదల్లేదు. "రంజాన్ నుంచీ నాకు వెలుగూ నీడా తప్ప ఏమీ కనబడవు. పిల్ల పెళ్ళిలో నా కళ్ళ గోలెందుకని చెప్పలేదు. ఆ మొయ్‌దుకీ చెప్పలేదు. తనే కనిపెట్టి, నా చెయ్యి ఆ చారకి ఆనించాడు. గరుకు తగిలితే వంటిల్లు దాటినట్టు, గరుకు ఆగితే అర వచ్చినట్టు, ఎవరికీ తెలియదుమ్మా అన్నాడు. పదిసార్లు నడిచా. ఒక్కసారీ తప్పలేదు."

వియ్యపురాలు మళ్ళీ ఆవిడ చెయ్యి అందుకుంది.

"పదండి ఉమ్మా. ఇద్దరం కలిసి వెతుక్కుందాం."

నిచ్చెన తీసుకెళ్దామని వచ్చిన పవిత్రన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. అందరూ వింటుండగానే సబీర అతన్ని అడిగింది.

"కన్నకూతుర్ని, నాకే తెలియలేదు. ఆయనెలా కనిపెట్టాడు? వెళ్ళి తీసుకురా పవిత్రా. ఆ చార మళ్ళీ వేయించుకుంటాను."

"రాడు ఇత్తా. నిన్ననే బ్రష్షులన్నీ నాకిచ్చేశాడు."

"నా మీద కోపమా?"

"కోపం కాదు ఇత్తా. కళ్ళు మూసుకుని వేశారా అన్నారుగా, ఆ మాట తగిలింది" అన్నాడు పవిత్రన్. "మొయ్‌దుక్కాకి చూపు పోయి మూడేళ్ళయింది, తనింట్లో ఆయన తిరిగేది కూడా అలాంటి చార పట్టుకునే."