పలకని పేరు

మొండయ్య తాత కరోనాతో పోయిన ఆరో రోజు నవత చేయవలసిన పనులు: మరణ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టాలి. తాత పనిచేసిన ఖటోదరా సాంచల ఖార్ఖానాలో, అంటే మరమగ్గాల మిల్లులో, చెప్పాలి. సూరత్‌లో ఇల్లు దాటే వీల్లేదు కనుక అయ్యగారు ఫోనులోనే కర్మ చేయిస్తారు. ఆయనకు తాతవైపు మూడు తరాల పేర్లు పంపాలి.

మగవాళ్ల పేర్లు ఊరికి ఫోన్ చేస్తే దొరికాయి. తాత తల్లి పేరు మాత్రం నాన్నకూ తెలియదు. అందరూ ఆమెను ముసలవ్వ అనేవారట.

“బాపమ్మా, మీ అత్త పేరేంది?”

“అత్త పేరు కోడలు తియ్యొద్దు. గంత డిగ్రీ చదివినవ్, గిది చెప్పలేదా?”

“జర చెవుల చెప్పు. నేను రాసుకుంట.”

బాపమ్మ లలితమ్మ నవత చెవి దగ్గరికి వంగింది.

“సాయవ్వ. నా పేరు గూడ గదే.”

“నీ పేరు లలిత గదా?”

“పెండ్లినాడు మార్చిండ్రు. ఇద్దరికి ఒక్క పేరుంటే, నన్ను తిడితే అత్తను తిట్టినట్టయితదని.”

“మల్ల ఎవ్వరు నిన్ను సాయవ్వ అనలేదా?”

“మీ తాత అనెటోడు. ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు, మెల్లగ. మొన్న అంబులెన్సు ఎక్కేటప్పుడు గూడ గట్లనే పిలిచిండు. నలుగురు చూస్తున్నరని నేను పలుకలే బిడ్డా.”

నవత నోట్‌బుక్‌లో ఆ పేరు రెండుసార్లు రాసింది, ఒకసారి అత్తకు, ఒకసారి కోడలికి.

సూరత్‌లో ఒక సాయవ్వ ఉంది. ఆ పేరుతో పిలిచే మనిషి ఇక లేడు. చదివిన మీరైనా ఆమెను గుర్తుంచుకోండి.