ఇసుకలో దిగిన విమానం

చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు కిరణ్‌కుమార్.

కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషికి పాత విమానాల పిచ్చి. ఇంట్లోవాళ్లు తలలు బాదుకున్నా మానడు. యుద్ధకాలంలో గోదావరి ఇసుకలో దిగిపోయిన ఒక శిక్షణ విమానం సంగతి పట్టుకుని, 2004లో ఆ ఒడ్డునే ఉన్న ఫరంపేటలో ముసలి దానియేలు ఇంటికి వచ్చాడు.

"మధ్యలో ఇంజను ఆగిపోయిందట తాతగారూ. కిందంతా నీళ్లు, ఊబి. ఎవరో అమ్మాయి తెల్లగుడ్డ ఊపింది. అక్కడ నేల గట్టిదని పైలట్‌కి అర్థమైంది. దిగేటప్పుడు తలకి దెబ్బ తగిలి స్పృహ పోయింది గానీ, బతికాడు. పట్టుమని ఇరవై ఏళ్లు లేవు పాపం."

"ఊపింది మా అక్కేనండి. రెబెకా," అన్నాడు దానియేలు. "దారి తప్పిన పడవలకి మావోళ్లు అలా గుడ్డూపి రేవు చూపించేవోరండి. దానికీ అలాగే చూపించింది."

కిరణ్‌కుమార్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఆ విమానాన్ని బాగుచేసి మళ్లీ ఎగరేశారండీ! యుద్ధం అయ్యాక ఫ్లయింగ్ క్లబ్బుకి ఇచ్చారు. ఎంతమంది దాంట్లో నేర్చుకున్నారో! చివరిదాకా దానివల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు."

దానియేలు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. సంతోషమే అనుకున్నాడు కిరణ్‌కుమార్.

"ఆ పైలట్‌బాబుకి మా అక్క గురించి ఎవరైనా చెప్పేరాండీ?"

"లేదండి. ఆస్పత్రిలోనే కళ్లు తెరిచాడట. ఆయన ఇంటివాళ్లతో మాట్లాడాను. ఎవరో తెలియకపోయినా, ఆ అమ్మాయి చల్లగా ఉండాలని పోయేదాకా ప్రార్థన చేసేవాడట."

"పోన్లెండి. చిన్నోడు. తెలియకపోవడమే మంచిదయ్యింది."

ఆ మాట కిరణ్‌కుమార్ పట్టించుకోలేదు. అతని మనసంతా సన్మానం మీదే ఉంది. "ఆవిడని కాలేజీ స్టేజీ ఎక్కించాలి తాతగారూ. ఎక్కడుంటారు?"

"దరియాలతిప్ప కాడండి. రండి."

ఆటో దిగి ఇసుకలో చాలా దూరం నడిచారు. కనుచూపు మేరలో ఇల్లు లేదు, మనిషి లేడు. కిరణ్‌కుమార్ అయోమయంగా చుట్టూ చూశాడు. ముసలాయన ఒకచోట ఆగాడు. వంగి, ఇసుకని అరచేత్తో మెల్లగా నిమిరాడు. దుఃఖం ఆగలేదు.

"పడవైతే గుడ్డూపినోళ్ల ముందుకొచ్చి ఆగుద్ది కదండీ, ఆ విమానమూ అలాగే ఆగుద్దనుకుని మా అక్క ఇక్కణ్ణించి కదల్లేదండి."