పళ్ల డాక్టరు కావాలి

రెండు రోజులుగా పెద్దమనిషికి కంటి మీద కునుకు లేదు. కుడి దవడ వాచి మొహం ఆకారమే మారిపోయింది. ఇవాళ ఈ పన్ను ఊడితేనే ప్రాణం నిలిచేలా ఉంది.

చెంపకు చేతిరుమాలు అదిమిపెట్టుకుని మందుల షాపు మెట్లెక్కాడు.

“దగ్గర్లో పళ్ల డాక్టరు ఎవరున్నారు?”

“ఎదురుగా పెట్టుకుని వెతుకుతారేంటి బాబాయిగారూ? వీధి చివర ఆకుపచ్చ గేటు. బంగారం లాంటి మనిషి,” అన్నాడు షాపాయన.

“ఆయన కాకుండా?”

“ఆయనకేం తక్కువ?”

“తక్కువని కాదు. నా పన్ను ఆయన పీకలేడు.”

దగ్గు మందు కోసం వచ్చిన టైలరు ఆ మాటకి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. నోరు బార్లా తెరిచి రెండు ఖాళీలు చూపించాడు.

“ఇవి ఆయన చలవే! మాస్కుతో వస్తారు, మాస్కుతో పోతారు, అంత శుభ్రం! ఆ కళ్లు చూస్తేనే సగం నొప్పి మాయం. అలాంటాయన పీకలేడా?”

పెద్దమనిషికి ఎందుకో కళ్లు చెమర్చాయి.

“చాలా సంతోషం నాయనా. ఇంతకీ పక్క ఊరికి బస్సెప్పుడు?”

“పది నిమిషాల్లో. ఆయన్ని కాదని పక్క ఊరెందుకండీ?”

పెద్దమనిషి మెట్ల వైపు జరిగాడు. కారణం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే బస్సు పోతుంది.

“భయం! ఉత్త భయం!” టైలరు తేల్చేశాడు. “అన్నా, నువ్వా రెక్క పట్టు.”

ఇద్దరూ చెరో రెక్కా పట్టి లాక్కెళ్లారు. పెద్దమనిషి గేటు పట్టుకుని వేలాడాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల పాట్లు ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. పరువు సంగతి తర్వాత చూసుకుందామని నోరు తెరిచేసరికి, నాలుక కొరుక్కుంటాడేమోనని టైలరు గుప్పెడు దూది కుక్కేశాడు.

బయట బస్సు హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

ఆయన్ని కుర్చీలో కుదేసి ఇద్దరూ చెరోపక్కా కాపలా నిలబడ్డారు. పావుగంటైంది. అరగంటైంది. డాక్టరు జాడ లేదు.

“ఏనాడూ ఆలస్యం చేసే మనిషి కాదే,” టైలరు గొణిగాడు.

లోపలి గదిలోంచి నర్సు వచ్చి, కుర్చీ వైపు చూసి నిలువునా ఆగిపోయింది.

“మాస్కు ఇక్కడే మరిచిపోయి ఎటెళ్లారు డాక్టరుగారూ, పేషెంట్లు పొద్దున్నుంచీ మీ కోసమే కూర్చున్నారు!”