తొంభై పాయింట్ త్రీ

కెటిల్‌లో నీళ్ళు మరగడానికి మూడు నిమిషాల పది సెకన్లు. ఎదురింటి గేటు మూసుకోవడానికి పదకొండు సెకన్లు. నోరీన్ పెల్సర్ తన పాత స్టాప్‌వాచ్‌తో అన్నిటినీ కొలిచేసింది. ఒంటరి మనిషికి అంతకన్నా పనేముంటుంది? తన తలుపు ఎవరైనా తట్టి మాత్రం పంతొమ్మిది రోజులైంది. దాన్ని కొలవడానికి కేలండర్ కావాలి.

ఇరవయ్యో రోజున వాలీ ఫూరీ వచ్చాడు. పాత రేసు క్లబ్బు కార్యదర్శి. డెబ్బై తొమ్మిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నోటికి మాత్రం బ్రేకుల్లేవు.

"ఏమమ్మా, ఇంకా బతికే ఉన్నావా?"

"నిన్ను సాగనంపి పోదామని ఆగాను. లోపలికి రా."

మారిట్జ్‌బర్గ్ ఊరి కొండ మీద ఒకప్పుడు రేసు ట్రాక్ ఉన్నచోటే ఈ ఇళ్ళు కట్టారు. ట్రాక్ మూసేసి ముప్పై అయిదేళ్ళయింది. నోరీన్ భర్త బేసిల్ పట్టుబట్టి మరీ, ట్రాక్ తిన్నగా సాగిన జాగాలోనే ఇల్లు కొన్నాడు. వరండాలోంచి వంటింట్లోకి వెళ్తూ, "ఇదిగో, ఇక్కడ నాలుగో గేరు" అనేవాడు. అతను పోయి రెండేళ్ళు. ఇప్పుడా వరండాలో గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

వాలీ రస్కు టీలో ముంచుకుని, జేబులోంచి ఒక కాగితం తీశాడు.

"మిగిలిన ట్రాక్ ముక్క దగ్గర ఇత్తడి రేకు పెడుతున్నాం. తొంభై సెకన్ల లోపు చుట్టొచ్చిన వాళ్ళ పేర్లు."

తొంభై సెకన్లంటే ఆ రోజుల్లో మాటలు కాదు. నెలలో ఆఖరి ఆదివారం ఒంటి సీటు కార్లను ఒక్కొక్కటిగా ట్రాక్ మీదకి వదిలేవారు. నడిపేది బ్యాంకు గుమస్తాలూ, కొట్టు పెట్టుకున్నవాళ్ళూ. పాత బీటిల్ కార్ల ఇంజన్లను ఇంటి వెనక షెడ్డులో బిగించుకున్న కార్లు. తొంభై లోపు వచ్చినవాడి గురించి క్లబ్బు యూరప్ రేసు జట్లకి సిఫారసు ఉత్తరం రాసేది. ఆ ఉత్తరం కోసం అందరూ పడి చచ్చేవారు.

క్లబ్బులో నమ్మదగ్గ స్టాప్‌వాచ్ ఒక్కటే. అది నోరీన్ చేతిలో ఉండేది. ఆమె నల్లపలక మీద సుద్దముక్కతో రాసి ఎత్తి చూపిస్తే, ఇక దానికి తిరుగులేదు.

కాగితంలో తొమ్మిది పేర్లున్నాయి. మొదటిది ఆమె తమ్ముడు గారెత్‌ది. 89.2. ఉత్తరం జేబులో పెట్టుకుని, ఈల వేసుకుంటూ డర్బన్ రేవులో ఓడ ఎక్కాడు. అక్కడి రేసులో కారు తిరగబడి, నాలుగు నెలలకి అదే రేవులో శవపేటికలో దిగాడు. నోరీన్ ఆ పేరును ఒకసారి వేలితో నిమిరింది.

బేసిల్ పేరు లేదు.

"వాడి గురించే వచ్చాను," అన్నాడు వాలీ. "గారెత్ అలా పోయినా వీడు మానలేదు కదా! 'ఒక్కసారి తొంభై లోపు రానీ, మర్నాడే ఓడ ఎక్కేస్తా' అంటూ మూడేళ్ళు! ఒకసారి 90.8, ఒకసారి 90.5. ఆ జూన్ ఆదివారం గుర్తుందా? ఆఖరి మలుపులో కారు చప్పుడు విని, వచ్చేసిందిరోయ్ అని టోపీలు ఎగరేశాం. తీరా నీ పలక చూస్తే 90.3!"

"గుర్తుంది."

ఎందుకు గుర్తుండదు? బేసిల్ హెల్మెట్ తియ్యకుండా కారులోనే కూర్చుండిపోయాడు. ఆమె వెళ్ళి అతని భుజం పట్టుకుని, అతనికన్నా ఎక్కువ ఏడ్చింది. మరుసటి నెల కారు అమ్మేశాడు. నలభై ఏళ్ళు మేకులూ రంగు డబ్బాలూ అమ్ముకున్నాడు. ఆసుపత్రిలో ఆఖరి రోజున కూడా అదే మాట. "పాయింట్ త్రీయే కదా నోరీన్. పాయింట్ త్రీ."

ఆమె అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

వాలీ గొంతు తగ్గించాడు. "మేమంతా అనుకున్నాం. వాడి పేరు కూడా ఎక్కించేద్దాం. 89.9 అని. నువ్వు సంతకం పెడితే చాలు. చిన్న అబద్ధమే, పోయినవాడి కోసం."

"అబద్ధం మీద నా సంతకమా?"

"నీ సంతకమైతేనే ఎవడూ నోరెత్తడు. నీ గడియారాన్ని వేలెత్తి చూపించినవాడు ఉన్నాడా అసలు?"

టీ మీద మీగడ కట్టింది. చివరికి నోరీన్ పెన్ను తీసుకుని, కాగితం అడుగున బేసిల్ పెల్సర్ అని రాసింది. పక్కన 88.6 వేసింది. సంతకం పెట్టింది.

వాలీ కళ్ళజోడు సవరించుకుని పకపకా నవ్వాడు. "88.6? ఓరి నాయనో! గారెత్‌ని కూడా దాటించేశావే! మొగుడి మీద ప్రేమ ఉండొచ్చు తల్లీ, అబద్ధమైనా అతికినట్టు ఉండొద్దూ?"

"అదే చెక్కించు, వాలీ."

ఆ గొంతు అతనికి తెలుసు. పలక ఎత్తి చూపించే రోజుల నాటి గొంతు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అతను వెళ్ళిపోయాడు. ఎదురింటి గేటు తెరుచుకుంది, మూసుకుంది. నోరీన్ వరండాలోకి వెళ్ళి, నాలుగో గేరు దగ్గర నిలబడింది.

"నీ పేరు ఎక్కింది, బేసిల్," అంది పైకే.

నలభై మూడేళ్ళ కిందట ఆ జూన్ ఆదివారం, పలక మీద 90.3 అని రాసేముందు, ఆమె స్టాప్‌వాచ్ ముల్లు ఆగి ఉన్నది ఆ 88.6 మీదే.