జపాను స్వామి మహిమ

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, మరీ గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది. పలివెల పక్క ఊళ్లో పోలమ్మ ఇంట్లో జపాను దేవుడు వెలిశాడు.

పోలమ్మ తమ్ముడు ధనరాజు ఓడ మీద పనిచేస్తాడు. సెలవు మీద దిగి అక్క ఇంటికి వచ్చేసరికి వాకిట్లో షామియానా, బిందెల నిండా పానకం. వీధి వీధంతా అక్కడే ఉంది.

"ఎవరి పెళ్లే అక్కా?"

"పెళ్లి కాదురా, మొక్కు. నువ్వు పంపిన దేవుడికే" అంటూ పోలమ్మ అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

ఆ మొక్కు సంగతి ఇదీ. పోలమ్మ మొగుడు సింహాద్రి రొయ్యల చెరువు కాపలాదారు. మనిషి బంగారం. ఒక్కటే లోపం, స్నానమంటే గిట్టదు. పండగకి ఒకసారి, ఎవరిదైనా పెళ్లికి ఒకసారి. రొయ్యల మేత వాసనకి వీధికుక్కలు ఆయన వెనకే తిరిగేవి. పోలమ్మ ద్రాక్షారామం వెళ్లి మొక్కింది. ఆ దేవుడికి ఇంతకన్నా పెద్ద పనులున్నాయి కాబోలు. మొగుడి మంచం అరుగు మీదికి తోయించింది. ఆఖరికి రాజోలులో కూతురి దగ్గరికి వెళ్లిపోతానని బట్టలు సర్దుకుంది.

సరిగ్గా అప్పుడొచ్చాయి, ధనరాజు తోటివాడి చేత పంపిన రెండు బొమ్మలు. జపాను వాళ్లు చెక్క మీద చెక్కి, రంగులు పూసి, కాగితం మీద అద్దినవి. ఒకదాంట్లో మంచు కురుస్తున్న అయిదంతస్తుల ఎర్రమేడ. ఎవరో షావుకారుదిలే అనుకుని, స్నానాలగది తలుపుకి చిల్లుంటే దాని మీద అంటించేసింది. రెండోది చూసి చేతులు జోడించింది. వంపు తిరిగిన పెంకుల కప్పు. వెనక ఆకాశానికి అంటిన ధ్వజస్తంభం, దాని మీదుగా హోమం పొగ. ఆడవాళ్లకో గుమ్మం, మగవాళ్లకో గుమ్మం, రెండింటికీ తెరలు. చంకలో చిన్న మూటలతో, తడి జుట్టుతో, మొహాలు వెలిగిపోతూ భక్తులు.

అమలాపురంలో అద్దం కట్టించి, పూజగూట్లో పెట్టి మొక్కుకుంది.

మర్నాడే సింహాద్రి తనంతట తాను స్నానానికి వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. ఏమిటీ వింత అని వీధిలో వాళ్లడిగితే, "ఏమోనండీ, ఆ తలుపు దగ్గరికెళ్తే ఎవరో లోపలికి లాగినట్టుంటుందండీ" అన్నాడు. సబ్బులు అరిగిపోతున్నాయని పోలమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఇప్పుడు పూజారిగారు పళ్లెం పట్టుకుని, అర్చనకి స్వామివారి పేరు కావాలన్నారు. అందరూ ధనరాజు వైపు తిరిగారు. ధనరాజు దండల మధ్య ఉన్న పటాన్ని చూశాడు. తాగుతున్న పానకం గొంతుకి అడ్డం పడింది.

నున్నగా తల దువ్వుకున్న సింహాద్రి పక్కకొచ్చాడు. "నిజం చెప్పు ధనరాజూ. ఆయన ఉత్తుత్తి స్వామైతే, రేపట్నించి నేను నీళ్ల జోలికి పోను."

పోలమ్మ కళ్లు తమ్ముడి నోటి మీదే ఉన్నాయి. సర్దిన బట్టల సంచి ఇంకా కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

"జలేశ్వరస్వామండీ" అన్నాడు ధనరాజు. "అక్కడ చాలా పేరున్నాయన."

"ఆయ్" అన్నారు పూజారిగారు. గంట మోగింది. పోలమ్మ మొగుడి పక్కన నిలబడి, కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది.

గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి గానీ పోలమ్మ చెవిన మాత్రం వేయకండి: ఆ రోజు హారతి అందుకున్నది జపాను వాళ్లు డబ్బిచ్చి ఒళ్లు తోముకునే స్నానాలశాల, స్నానాలగది తలుపుకి అంటించిన ఎర్రమేడే అసలు గుడి.